ఇంట్లో వాయిస్ రికార్డింగ్‌కి మైక్ కొనేముందు

"కథలు చదివి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నా, ఐదు వేల లోపు మంచి మైక్ ఏదైనా చెప్పన్నా" అని ఈమధ్య తెగ అడుగుతున్నారు. నేను ముందు అడిగేది ఒకటే, రికార్డింగ్ టైమ్‌లో మీ గదిలో ఫ్యాన్ ఆపగలరా? మే నెలలో కూడా?

ఎందుకంటే మన ఇళ్ళు అలాంటివి. నున్నటి గోడలు, కింద టైల్సో గ్రానైటో, పక్కింటి కుక్కర్ విజిల్, కింద రోడ్డు మీద ఆటో హారన్. అలాంటి గదిలో కండెన్సర్ మైక్ పెడితే అది మీ గొంతుతో పాటు ఇవన్నీ శ్రద్ధగా వింటుంది, దాని సెన్సిటివిటీ అంత. ఆన్‌లైన్‌లో బీఎం-800 అని స్టాండ్, ఫోమ్ అన్నీ కలిపి కాంబో అమ్ముతారు కదా, చూడ్డానికి స్టూడియోలాగే ఉంటుంది, కానీ ఆ టైపు మైక్‌లకి సరిగ్గా పనిచేయాలంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారానే మైక్‌కి వెళ్ళే కరెంటు) కావాలి, అది లేకుండా లాప్‌టాప్ 3.5 ఎంఎం జాక్‌లో గుచ్చితే వాయిస్ సన్నగా వస్తుంది, సరే అని గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్) పెంచితే వాయిస్ కన్నా ముందు 'స్స్స్' అనే హిస్ పెరుగుతుంది. దయచేసి దాని జోలికి పోకండి.

వెయ్యి లోపే అంటే మాత్రం బోయా బీవై-ఎం1, కాలర్‌కి పెట్టుకునేది. వైరు 6 మీటర్లు ఉంటుంది, లోపల చిన్న ఎల్ఆర్44 బ్యాటరీ, ఫోన్‌కీ కెమెరాకీ వేరే వేరే మోడ్, ఆ స్విచ్ చూసుకోవాలి. ఇది కూడా కండెన్సరే, అన్ని వైపుల నుంచీ వింటుంది, అయినా నోటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నెగ్గుకొస్తుంది. మీ ఫోన్‌కి 3.5 జాక్ లేకపోతే కన్వర్టర్ కొనేటప్పుడు మైక్ సపోర్ట్ ఉందో లేదో అడగండి, కొన్నిట్లో పాటలు వినడం తప్ప రికార్డింగ్ అవ్వదు.

ఐదు వేలు, ఇంకాస్త పెట్టగలిగితే నా ఓటు యూఎస్‌బీ డైనమిక్ మైక్‌కే, ఇది కండెన్సర్ అంత సెన్సిటివ్ కాదు, గదిలో శబ్దాలు తక్కువ పట్టుకుంటుంది. ఫిఫైన్ ఏఎం8, మావోనో పీడీ200ఎక్స్ లాంటివి, రెండిట్లోనూ యూఎస్‌బీతో పాటు ఎక్స్ఎల్ఆర్ (స్టూడియో మైక్‌లకి వాడే మూడు పిన్నుల కనెక్టర్) కూడా ఉంది, రేపు ఆడియో ఇంటర్‌ఫేస్ (అలాంటి మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కొన్నా మైక్ మార్చక్కర్లేదు. కానీ డైనమిక్‌తో దూరంగా కూర్చుని మాట్లాడితే కుదరదు, బెత్తెడు దూరంలో ఉండాలి. నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగం చేస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, పైనున్న ఫ్యాన్ శబ్దం మాత్రం అంతే ఉంటుంది. ఏ మైక్ కొన్నా అసలు లాభం ఇక్కడే ఉంది.

దగ్గరికి వస్తే ఇంకో ఇబ్బంది, మన భాషలో ఒత్తులెక్కువ. "భీష్ముడు భయపడలేదు" అని ఒకసారి అని చూడండి, రెండు 'భ'లకీ గాలి వెళ్ళి మైక్‌కి 'ధబ్' మని కొడుతుంది. ఫోమ్ తొడగండి, అది చాలకపోతే మైక్‌ని నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివర వైపుకి జరపండి, గాలి పక్క నుంచి పోతుంది.

గది సంగతి అంటారా, బీరువా తలుపులు బార్లా తీసి బట్టల వైపు తిరిగి చదవండి, మీ గొంతు గోడకి కొట్టుకుని వెనక్కి రాదు. మైక్ వెనక ఓ బొంత వేలాడదీసినా మంచిదే. రూపాయి ఖర్చు లేదు, తేడా మొదటి వాక్యంలోనే తెలుస్తుంది.

రికార్డింగ్ మీటర్‌లో లెవెల్ −12 నుంచి −6 డెసిబెల్స్ మధ్య ఆడేట్టు గెయిన్ పెట్టుకోండి. మొదట్లో ఓ ఐదు సెకన్లు ఏం మాట్లాడకుండా వదిలేస్తే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కనే నాయిస్ ప్రొఫైల్‌గా (తీసేయాల్సిన శబ్దానికి నమూనాగా) ఇచ్చి మిగతాదంతా క్లీన్ చేసుకోవచ్చు, ఆడాసిటీ ఫ్రీనే. మరీ ఎక్కువ తీసేస్తే మాత్రం నీళ్ళలోంచి మాట్లాడినట్టుంటుంది, కొంచెం ఫ్యాన్ శబ్దం మిగిలినా పర్లేదు.

ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండే గది ఉన్నవాళ్ళు ఫిఫైన్ కే669 లాంటి యూఎస్‌బీ కండెన్సర్ హాయిగా తీసుకోవచ్చు, గొంతులో సన్నని వివరాలు అందులో బాగా పడతాయి. ఏది కొన్నా మొదటి రికార్డింగ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్‌లో అడుగున ఉండే హమ్ వినపడదు, రిటర్న్ గడువు లోపలే ఆ పని చేయండి.