తిరుపతిలో హార్బర్

తిరుపతి పోతున్నానంటే ఇంట్లో అందరూ లడ్డూలు ఎన్ని తెస్తావనే అడిగారు. దర్శనానికి కాదు, ఆయిల్ పెయింటింగ్ క్లాసుకి, అక్కడ విశాఖ హార్బర్ బొమ్మ వేయిస్తారట అని చెబితే మా పెద్దమ్మ "సముద్రం బొమ్మకి తిరుపతి ఎందుకురా" అనేసింది. ఆమెకి సమాధానం చెప్పే ఓపిక లేక పొద్దున్నే చిత్తూరులో రైలెక్కేశాను. పాకాల దాకా కునుకు, చంద్రగిరి దాటేసరికి ఎండ చుర్రుమంటోంది.

క్లాసు బైరాగిపట్టెడలో, ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారి మేడ మీద. మెట్ల దగ్గరే టర్పెంటైన్ వాసన కొట్టింది. గోడకి పెద్ద ఫొటో: ముందు చేపల బోట్లు, వాటి వెనక బిల్డింగులు, క్రేన్లు, అన్నిటికన్నా వెనక డాల్ఫిన్ నోస్ కొండ.

తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టనివ్వలేదు. బర్న్ట్ సియెన్నాని టర్పెంటైన్‌తో పల్చగా కలిపి, మొత్తం పూసి, గుడ్డతో తుడిచేయమన్నారు. ఆ ఎర్రమట్టి రంగు మీద బ్రష్‌తోనే గీతలు. బోటు గీయాలంటే అడ్డంగా పడుకోబెట్టిన 8 అంకెతో మొదలుపెట్టాలి, అంచుల వంపు దానంతట అదే వచ్చేస్తుంది, నాకైతే భలే నచ్చింది. నల్లరంగు ట్యూబు అసలు ఇవ్వలేదు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపు లాంటిదే వస్తుంది, నీలం ఎక్కువైతే చల్లటి బూడిద, సియెన్నా ఎక్కువైతే వెచ్చటి బూడిద, తెలుపు కలుపుకుంటూ పోతే బోటు అడుగు నుంచి దూరపు కొండ దాకా ఆ రెండింటితోనే సరిపోయింది. కింది పొరల్లో టర్పెంటైన్, పైకి పోయేకొద్దీ అవిసె నూనె ఎక్కువ. ఎందుకంటే నూనె ఎక్కువున్న పొర నిదానంగా ఆరుతుంది, అది అడుగున ఉంటే పైది ముందే ఆరిపోయి పగుళ్లిస్తుంది.

నీళ్ల దగ్గరకొచ్చేసరికి అందరి చేతులూ నీలం ట్యూబు మీదికే పోయాయి. మాస్టారు ఆపేశారు. "నీళ్లకి సొంత రంగు ఎంత నాయనా? సాయంత్రం తిరుచానూరు పోయి కోనేరు చూసి రాండి" అన్నారు.

పద్మసరోవరం మెట్ల మీద జనం మధ్య కూర్చుని అదే పనిగా నీళ్లు చూస్తుంటే పక్కన ఒకామె ఏమైనా పడిపోయిందా అని అడిగింది. మధ్యలో మండపం ఉంది కదా, దాని తెలుపు నీళ్లలో కాస్త మాసినట్టుంది, స్తంభాల మధ్య చీకటి మాత్రం నీళ్లలో కొంచెం పల్చబడింది. కాళ్ల దగ్గర నీళ్లు పచ్చగా, అడుగు తెలిసేలా ఉన్నాయి, దూరానికి పోయేకొద్దీ ఆకాశమే. గాలి వచ్చినప్పుడు మండపం నీడ అడ్డంగా చీలి, ఆ సందుల్లోకి ఆకాశం దూరేది. హార్బర్‌లో బోట్ల కింద మర్నాడు వేసింది ఇదే.

మర్నాడు ఇంకోటి చూపించారు. క్లోడ్ మోనే 1872లో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవుని వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్'. ఫోన్లో రంగు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేస్తే నారింజ సూర్యుడు దాదాపు మాయం! చుట్టూ ఉన్న ఆకాశమూ సూర్యుడూ ఒకే వెలుగు, తేడా అంతా రంగుదే. మా బొమ్మల్నీ అలాగే ఫొటో తీయించారు. నా దాంట్లో బోట్లూ కొండా ఒకే ముదురు, కొండ ఎగిరి ఒడ్డుకొచ్చినట్టు ఉంది. తెలుపు కలిపి వెనక్కి తోశాను.

ఆయిల్ రంగు ఆవిరై ఆరదు, గాలి పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకే రోజులు పడుతుంది, వార్నిష్‌కైతే ఆరు నెలలు ఆగమన్నారు. పచ్చి బొమ్మని రైల్లో జనంలో తేవాలంటే టెన్షన్ అని అట్టపెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టర్ అందులో ఏముందో చూపించమన్నాడు.

"ఏ ఊరు సామీ ఇది?"

"విశాఖ."

"కొండ మాత్రం మన కొండ మాదిరే ఉందే" అన్నాడు. నిజమే, ఫొటోలో కొండ సరిగా తెలియక, మేడ మీంచి కనిపించే శేషాచలాన్ని చూసే ఆ రంగు కలిపాను.