పాడేరు కాఫీ యూరప్‌కు పంపాలంటే: అటవీ నిబంధనతో నా అనుభవం

యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన 1115 నంబరు నిబంధన ప్రకారం, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టి వేసిన తోటల కాఫీ అక్కడ అమ్మడానికి వీల్లేదు. రెండుసార్లు వాయిదా పడ్డాక పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబరు 30 గడువు పెట్టారు. సరుకు అలాంటి తోటది కాదని చెప్పే డిక్లరేషన్ దాఖలు చేసేది అక్కడి దిగుమతిదారే. అందులోకి ఎక్కే ప్రతి తోట లొకేషన్ మాత్రం విశాఖలో కూర్చున్న మన ఎగుమతిదారులమే ఇవ్వాలి. భారత్‌ను తక్కువ రిస్కు దేశాల్లో చేర్చినా ఈ పని తప్పదు.

నాలుగు హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాలు దాటితే హద్దు మొత్తం గీయాలి. మన్యంలో ఎక్కువగా ఎకరం, రెండెకరాల తోటలే, కాబట్టి తోటలో ఒక్క జీపీఎస్ పాయింటు చాలు. అయినా నేను హద్దు వెంట నడిచే తీయిస్తాను. ఇంటి అరుగు మీద కూర్చుని నొక్కిన పాయింటు మ్యాపులో ఊరి మధ్యన పడుతుంది. సిల్వర్ ఓక్ నీడలో జీపీఎస్ ఊగిసలాడుతుంది. కాసేపు కదలకుండా నిలబడి, అంకె నిలకడయ్యాక నొక్కాలి.

అక్షాంశం, రేఖాంశం రెండింటికీ దశాంశం తర్వాత ఆరు అంకెలు కావాలి. 18 డిగ్రీల 4 నిమిషాల 30 సెకన్లను చాలామంది 18.043000 అని కొడతారు. అది 18.075000. ఆ తేడాకే పాయింటు మూడున్నర కిలోమీటర్లు జరిగిపోతుంది. తోటల లొకేషన్లు నింపి పంపే జియోజేసన్ ఫైల్లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రావాలి. తారుమారైతే పాడేరు తోట ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది.

నీడ కింద పెరిగే కాఫీ ఉపగ్రహ చిత్రంలో అడవిలాగే కనిపిస్తుంది. అంతమాత్రాన రైతు పేరు కొట్టేయడం అన్యాయం. 2020 డిసెంబరు 31కి ముందు నుంచే అక్కడ కాఫీ ఉందని చూపించే మొక్కల పంపిణీ రికార్డు, అటవీ హక్కు పట్టా జత చేయాలి. పట్టా తండ్రి పేరున ఉండి సాగు కొడుకు చేస్తుంటే వారసత్వ కాగితం కూడా పెట్టాలి. ఆ తేదీ తర్వాత అడవిని తోటగా మార్చిన చోటు మాత్రం జాబితాలోకి రానివ్వకూడదు.

అసలు దెబ్బ తగిలేది గోదాములో. లొకేషన్ లేని ఒక్క బస్తా పార్చ్‌మెంట్ (పైపొట్టు తీయని ఎండు కాఫీ గింజలు) గుట్టలో కలిసినా విడదీయలేం, లాటంతా పోయినట్టే. బస్తాకు రైతు నంబరు, ఊరు, తూకం, తేదీ ఉన్న ప్లాస్టిక్ ట్యాగు కట్టాలి. కాగితం చీటీ తేమకు చెరిగిపోతుంది. తోట విస్తీర్ణానికి మించి సరుకు వస్తే పక్కవాళ్లది కలిసిందేమో అడగాలి. పొట్టు తీసే మిల్లులో ప్రతి లాటుకూ ముందు యంత్రం ఖాళీ చేయించాలి.

ఇవన్నీ సరిపోయాకే దిగుమతిదారుకు ఫైలు పంపుతాను. డిక్లరేషన్ రిఫరెన్స్ నంబరు చేతికొచ్చాకే కంటైనర్‌ను పోర్టుకు కదిలిస్తాను.