స్పర్శ్‌లో మా అమ్మకి 80 ఏళ్లు నిండాయి

సైన్యంలో పనిచేసిన మా నాన్న తరఫున అమ్మకి రావాల్సిన 20 శాతం అదనపు ఫ్యామిలీ పెన్షన్ ఎట్టకేలకు నిన్న ఖాతాలో పడింది. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

నేనూ మాజీ సైనికుణ్ణే, సిగ్నల్స్‌లో హవల్దారుగా రిటైరయ్యాను. పెన్షన్ బ్యాంకు నుంచి స్పర్శ్‌కి, అంటే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థకి, మారినప్పుడు నాకేమీ ఇబ్బంది కాలేదు. ఓటీపీ వచ్చింది, వివరాలు చూసుకుని ఓకే కొట్టాను. అంతే.

చిక్కంతా అమ్మ దగ్గరే. నాన్న సర్వీసు కాగితాల్లో ఆవిడ పేరుంది గానీ పుట్టిన తేదీ లేదు. ఆ రోజుల్లో ఎవరడిగారు? ఫ్యామిలీ పెన్షనరుకి 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, అలా నూరేళ్లకి నూరు శాతం కలపాలని రూలు. తేదీ గడి ఖాళీగా ఉంటే మాత్రం కంప్యూటర్ లెక్కలో ఆవిడకి వయసే రాదు.

బ్యాంకులో అడిగితే "ఇప్పుడు మా చేతుల్లో ఏం లేదండీ, అంతా స్పర్శే" అన్నారు. స్పర్శ్ సర్వీస్ సెంటర్‌లో, సైనికుల సర్వీసు కాగితాలుండే రికార్డు ఆఫీసుని అడగమన్నారు. రికార్డు ఆఫీసువాళ్లు పాత పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు కాగితం, నకలు కావాలన్నారు. అది బ్యాంకు ఫైల్లో ఉంది, ఆ ఫైలు ఎక్కడుందో బ్యాంకుకే తెలీదు. అందుకే చెబుతున్నా, మీ పీపీఓ జిరాక్స్ ఇంట్లో పెట్టుకోండి. బ్యాంకుని మాత్రం నమ్మకండి.

ఈలోగా నవంబరు వచ్చింది, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అమ్మని సెంటర్‌కి తీసుకెళ్లాను. ఊడ్పులు ఊడ్చీ, కలుపు తీసీ అరిగిపోయిన వేళ్లవి. మెషీన్ మీద బొటనవేలు పెట్టింది, ఎర్ర లైటు. చూపుడువేలు, మళ్లీ ఎర్ర లైటే. తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి పెట్టించాడు కుర్రాడు. లాభం లేదు. వెనక క్యూ అంతా వింటుండగా "మామ్మగారూ, మీరు బతికున్నట్టు సిస్టమ్ ఒప్పుకోవట్లేదండీ" అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు వాడితో కలిసి నవ్వారు. అమ్మ చెంగుతో నూనె తుడుచుకుంటూ నిలబడింది. యుద్ధం రోజుల్లో మొగుణ్ణి సరిహద్దుకి పంపి ఒంటరిగా పిల్లల్ని సాకిన మనిషి ఆవిడ! వాడి చొక్కా పట్టుకుందామన్నంత కోపం వచ్చింది. "పదరా అబ్బాయ్" అంది అమ్మ. ఆటోలో కూర్చున్నాక అడిగింది: "ఉన్న పెన్షన్ కూడా ఆపేస్తార్రా?"

భయం ఊరికే రాలేదు. 2022లో లైఫ్ సర్టిఫికెట్ నమోదు కాలేదని 58,275 మందికి ఏప్రిల్ పెన్షన్ వెయ్యలేదు, మే 4న వేశారు. ఇది రక్షణ శాఖే చెప్పిన లెక్క.

చివరికి ఇంట్లోనే నా ఫోన్లో ముఖం చూసి లైఫ్ సర్టిఫికెట్ తీసుకునే జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ పెట్టాను. కిటికీ పక్కన వెలుతుర్లో కూర్చోబెట్టి, రెప్ప కొట్టమన్నాను. ఆపరేషన్ అయిన కళ్లు కదా, టెన్షన్ పడ్డాను. తీసేసుకుంది! ఆ కుర్రాడు చేతులెత్తేసింది ఈ ముసలి హవల్దారు చేసి చూపించాడు. వేలిముద్ర పడనివాళ్లు సెంటర్ల చుట్టూ తిరక్కండి, ఇదే చెయ్యండి.

ఇదంతా చెబితే అమెరికాలో ఉన్న మా అల్లుడు ఇంకో కథ చెప్పాడు. అక్కడా మాజీ సైనికుల ఆసుపత్రులకి 2018లో వెయ్యి కోట్ల డాలర్ల ఒప్పందంతో కొత్త కంప్యూటర్ రికార్డులు మొదలుపెట్టారట. డాక్టర్లు రాసిన ఆర్డర్లు కొన్ని ఎవరికీ కనపడని క్యూలోకి పోయి ఉండిపోయాయట. 2022లో అక్కడి పార్లమెంటు చట్టమే చేసింది: ఖర్చెంత, పని ఎలా నడుస్తోంది అన్నది మూడు నెలలకోసారి సభకి చెప్పి తీరాలని. చట్టం వచ్చిన మర్నాడే మిగతా ఆసుపత్రుల్లో పెట్టడం ఆపేశారు అనుకోకండి, దానికి 2023 దాకా పట్టింది. అయినా జవాబు చెప్పాల్సింది ఎవరో అక్కడ చట్టంలో రాసుంది. మనకి రాసి ఉంటే, బ్యాంకూ సెంటరూ రికార్డు ఆఫీసూ కలిసి మా అమ్మతో బంతాట ఆడేవా?

పని జరిగింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో. అక్కడి గుమాస్తా తనూ ఫౌజీయే. ఆధార్, ఓటరు కార్డు నకళ్లు తీసుకుని, దరఖాస్తు తనే రాసి రికార్డు ఆఫీసుకి పంపాడు, టీ కూడా ఇప్పించాడు. స్పర్శ్‌లో గ్రీవెన్స్ (ఫిర్యాదు) కూడా పెట్టి, నంబరు దాచుకోమన్నాడు. తేదీ ఎక్కాక పెన్షన్ దానంతటదే పెరిగింది.

అరియర్స్ (పాత బకాయిలు) మాత్రం దరఖాస్తు తేదీ నుంచే వేశారు. 80 నిండిన నెల ఒకటో తారీఖు నుంచి రావాలి, మీరూ అలాగే అడగండి. దానికి ఇంకో గ్రీవెన్స్ ఇవాళ పొద్దున్నే పెట్టాను.