లెన్సుకు ప్రెషర్ కంటే మౌల్డ్ వేడి ముఖ్యం

కరిగిన ప్లాస్టిక్‌ని మౌల్డ్ (అచ్చు)లోకి నెట్టే ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో బకెట్లు, మూతలు చేసి అలవాటైన వాళ్ళకి సింక్ మార్క్ (పైన పడే గుంట) కనిపిస్తే చాలు, చెయ్యి నేరుగా హోల్డింగ్ ప్రెషర్ (అచ్చు నిండాక కూడా ప్లాస్టిక్‌ని నొక్కి పట్టే ఒత్తిడి) మీదికి వెళ్తుంది. లెన్సు దగ్గర ఆ అలవాటు మానుకోమని మా షాపుకి కొత్తగా వచ్చే ప్రతి కుర్రాడికీ చెప్తాను. చర్లపల్లిలో మేం చేసేవి ఎల్‌ఈడీ వీధి దీపాల అక్రిలిక్ లెన్సులు. నడుమ మందం, అంచు పలచన. అంచు ముందే గడ్డకడుతుంది. నడుమ మాత్రం వేడిగానే ఉండి, చల్లారేకొద్దీ లోపలికి లాక్కుంటుంది. గుంట పడేది అందుకే.

ప్రెషర్ పెట్టి కుక్కితే గుంట పోతుంది గానీ ఆ ఒత్తిడి గేటు (ప్లాస్టిక్ అచ్చులోకి వెళ్ళే దారి) దగ్గర ప్లాస్టిక్‌లోనే ఉండిపోతుంది. మామూలుగా చూస్తే కనపడదు. ల్యాప్‌టాప్ తెర మీద తెల్ల పేజీ తెరిచి, పోలరైజ్డ్ కళ్ళద్దాల్లోంచి చూస్తూ, తెర నల్లబడేదాకా అద్దాలు తిప్పండి. ఇప్పుడు మధ్యలో లెన్సు పట్టుకోండి. ఒత్తిడి లేని చోట అదీ నల్లగానే ఉంటుంది. గేటు దగ్గర మాత్రం తెల్లటి మరక విసనకర్రలా విచ్చుకుని కనిపిస్తుంది. పాలికార్బొనేట్ అయితే రంగురంగుల చారలే!

అందుకే నేను ముందు మౌల్డ్ టెంపరేచర్ చూస్తాను. అక్రిలిక్ గట్టిపడేది సుమారు 105 డిగ్రీల దగ్గర. మామూలు పార్టుకు మౌల్డ్ 60లో ఉన్నా నడుస్తుంది. లెన్సుకు 80 దాకా తీసుకెళ్తే పైపొర నిదానంగా కడుతుంది, గేటు గడ్డకట్టకుండా ఇంకాస్త సేపు తెరిచి ఉంటుంది, తక్కువ ప్రెషర్‌తోనే మెటీరియల్ నడుమ దాకా చేరుతుంది. గేటు ఎప్పుడు మూసుకుందో తూకమే చెప్తుంది. హోల్డింగ్ టైమ్ సెకను చొప్పున పెంచుతూ లెన్సులు తూచండి. బరువు పెరగడం ఎక్కడ ఆగిందో అక్కడితో చాలు, ఆ పైన పట్టి ఉంచడం దండగ.

గ్రాన్యూల్స్ (ప్లాస్టిక్ గింజలు) అచ్చు పోసే ముందు 80 డిగ్రీల్లో మూడు నాలుగు గంటలు ఆరాలన్నది అందరికీ తెలిసిందే. వానాకాలంలో ఇంకా జాగ్రత్త, లేదంటే తేమకి లెన్సు మీద వెండి చారలు వస్తాయి.

వేడి మౌల్డ్‌తో సైకిల్ టైమ్ (ఒక్కో షాటుకు పట్టే సమయం) పెరుగుతుంది, నిజమే. పైగా మందం రెట్టింపైతే కూలింగ్‌కి దాదాపు నాలుగు రెట్లు టైమ్ కావాలి. ప్రొడక్షన్ వాళ్ళ టెన్షన్ నాకూ తెలుసు. కానీ తొందరపడి తీసిన లెన్సు బయట చల్లారుతూ వంపు మార్చుకుంటుంది, వెలుగు రోడ్డు మీద పడాల్సిన చోట పడదు. అక్కడ మాత్రం నేను రాజీపడను.

గేటు మరీ సన్నగా ఉంటే ఇవేవీ పెద్దగా పనిచేయవు. మౌల్డ్ డ్రాయింగ్ దశలోనే టూల్‌రూమ్ వాళ్ళతో కూర్చుని, గేటు లెన్సులో మందమైన వైపుకి దగ్గరగా పెట్టించుకోండి.