పిల్లి నరం 8, మన నరం 25: నా రెండో అటెంప్ట్

డాక్టర్లు పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ రిజల్ట్ వచ్చి మూడు రోజులైంది. ఈసారి సీటు వచ్చే ర్యాంకే. 200 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. మొదటిసారి ఎందుకు పోయిందో చెబుతా.

గుంటూరు బ్రాడీపేటలో రీడింగ్ రూమ్. గ్రాండ్ టెస్ట్‌లో ఒక ప్రశ్న: మనిషి బెరాలో (శబ్దానికి చెవి నరం, మెదడు ఇచ్చే విద్యుత్ సిగ్నళ్లను వేవ్‌లుగా చూపే వినికిడి పరీక్ష) రెండో వేవ్ ఎక్కడ పుడుతుంది? వేవ్‌ల వరస గుర్తుపెట్టుకునే కిటుకు నా దగ్గర ‘ఈ కోలై’ ఉందిగా! ఈ అంటే ఎయిత్ నర్వ్, అంటే శ్రవణ నాడి; సీ అంటే కాక్లియర్ న్యూక్లియస్, బ్రెయిన్‌స్టెమ్‌లో (మెదడు కింది భాగం) ఆ నరం చేరే చోటు. రెండోది న్యూక్లియస్ అని కళ్లు మూసుకుని పెట్టేశా. తప్పు. ఆన్సర్ కీయే తప్పని పక్క సీటు అక్కతో వాదనకు దిగా.

అక్క మాట్లాడకుండా స్కేలు తీసి, పేపరు వెనక రెండు గీతలు గీసింది. ఒకటి 8 మిల్లీమీటర్లు, ఒకటి 25. "చిన్నది పిల్లి శ్రవణ నాడి, పెద్దది మనది. పిల్లిలో రెండో వేవ్ టైముకి సిగ్నల్ న్యూక్లియస్‌కి చేరిపోతుంది. మనలో అప్పటికింకా నరంలోనే, బ్రెయిన్‌స్టెమ్ వైపు చివర్లో ఉంటుంది." అంటే మనలో మొదటి రెండు వేవ్‌లూ నరానివే. అందుకే ఇప్పుడు ‘ఈఈ కోలై’, రెండు ఈలు.

"సరే, అసలు స్పైక్, అంటే నరంలో పరిగెత్తే విద్యుత్ పల్స్, మొదలయ్యేదెక్కడ?" అంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే హెయిర్ సెల్ అన్నా. మళ్లీ బోల్తా. హెయిర్ సెల్‌లో వచ్చేది శబ్దాన్ని బట్టి పెరిగి తగ్గే పొటెన్షియలే. అది గ్లూటమేట్ అనే రసాయనం వదిలితే నరం కొస అందుకుంటుంది. ఆ కొసకి మైలిన్ (నరం మీది కొవ్వు తొడుగు) ఉండదు. హాబెన్యులా పెర్ఫొరేటా అనే సన్నని రంధ్రాల దగ్గర మైలిన్ మొదలవుతుంది. స్పైక్‌ని పుట్టించే సోడియం ఛానళ్లు గుమిగూడేది అక్కడే, స్పైక్ పుట్టేదీ అక్కడే. ఎలుకల్లో చూసిన సంగతి ఇది.

నా పరువు కాపాడింది 1930 నాటి ప్రయోగం. వీవర్, బ్రే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లి శ్రవణ నాడికి ఎలక్ట్రోడ్ పెట్టి, దాని చెవిలో మాట్లాడితే వేరే గదిలో రిసీవర్‌లో ఆ మాటలు వినిపించాయి. అంతా నరం సిగ్నలే అనుకున్నారు. అందులో హెయిర్ సెల్స్ నుంచి వచ్చే కాక్లియర్ మైక్రోఫోనిక్ అనే విద్యుత్ సిగ్నల్ కలిసిందని తర్వాత తేలింది. వాళ్లే పొరబడ్డారు, నేనెంత?

ఒక్క మార్కు టాపిక్‌కి సాయంత్రమంతానా అని రూమ్మేట్లు నవ్వారు. నవ్వనీ. మొదటి అటెంప్ట్‌లో నేనూ అలాగే లెక్కలేసుకుని రోజుకో సబ్జెక్టు ఊదేశా, ఏదీ నిలవలేదు. రెండోసారి పొద్దున్నే ఐదింటికి లేచి, ఫోన్ అమ్మకిచ్చేసి, ప్రతి తప్పుకీ ఒక బొమ్మ గీశా. మిగతా సబ్జెక్టులూ అంతే, కొత్తగా చెప్పేదేం లేదు.

ఆ పేపరు ఇంకా నా దగ్గరే ఉంది. అక్కకి ఫొటో పంపితే, "25 గీత కాస్త వంకరపోయింది" అంది.