ఆపరేషన్‌కు ముందు అవస్థ అభ్యంగనం

గుండె ఆపరేషన్ అనగానే అమ్మమ్మ అడిగింది ఒక్కటే: "ఫాదర్‌గారిని పిలవండ్రా, తైలం పూయించుకుంటాను." జబ్బుపడినవాళ్లకు ఫాదర్‌గారు ప్రార్థన చేసి తైలం పూసే కథోలిక సంస్కారమే ఈ అవస్థ అభ్యంగనం. పిన్ని ఏడుపు అందుకుంది. ఆ తైలం ఆఖరి ఘడియల్లోనే అని మన ఇళ్లలో ఇంకా ఎంత భయమో!

గుణదలలోని ఇంటికి విచారణ గురువులు (మా చర్చి ఫాదర్‌గారు) వచ్చారు. బైబిల్లోని యాకోబు లేఖ 5వ అధ్యాయం చదివారు. తలమీద చేతులుంచి మౌనంగా ప్రార్థించి, నుదుటికి, చేతులకు తైలం పూశారు. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో పీఠాధిపతులు (బిషప్‌గారు) ఆశీర్వదించి ఇచ్చే తైలమే అది. 1972లో తిరుసభ (కథోలిక చర్చి) సవరించిన క్రమం ప్రకారం పెద్ద ఆపరేషన్ ముందున్నా, వయసు మీదపడి బాగా నీరసించినా ఈ సంస్కారం తీసుకోవచ్చు, జబ్బు ముదిరితే మళ్లీ కూడా. పిన్నికి ఇదంతా ఆయన ఎంత ఓపికగా చెప్పారో! తర్వాత అమ్మమ్మ సత్ప్రసాదం (పూజలో ఇచ్చే దివ్య అప్పం) తీసుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. టెన్షన్ అంతా మాకే.

గుణదల మాత తిరునాళ్ల జరిగే ఫిబ్రవరి 11నే తిరుసభ ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా జరుపుతుంది. ఇంట్లో జబ్బుపడిన పెద్దవాళ్లుంటే దయచేసి ఐసీయూ దాకా ఆగకండి. వాళ్లు తమ నోటితో ఆమెన్ చెప్పగలిగినప్పుడే ఫాదర్‌గారికి కబురు పెట్టండి.