నా బ్రేక్, ఓనరన్న ఫ్రిజ్

విశాఖ ఎంవీపీ కాలనీలో మేమాడే పూల్ పార్లర్‌లో నేను బ్రేక్‌కి, అంటే బంతుల గుంపుని చెదరగొట్టే మొదటి దెబ్బకి, వంగితే పక్క టేబుల్ వాళ్లు జరిగి నిలబడేవారు. ఓసారి తెల్ల బంతి ఎగిరి కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌కి తగిలింది. ఓనరన్న నన్నేమీ అనలేదు. మర్నాడు ఫ్రిజ్‌ని అవతలి గోడకి జరిపించాడు.

బలం చాలట్లేదనుకుని ఇంకా బాదేవాణ్ణి. షేన్ వాన్ బోనింగ్ వీడియోలు తెగ చూసేవాణ్ణి. పూల్‌లో యూఎస్ ఓపెన్ 5 సార్లు, 2022లో ప్రపంచ నైన్ బాల్ (తొమ్మిది బంతుల ఆట) గెలిచిన మనిషి మరి! పోర్టులో పనిచేసే బాబాయి ఒకాయన పక్కన కూర్చుని, "చెదిరే బంతులు కాదురా, తెల్లదాన్ని చూడు" అన్నాడు. చూశాను. గుంపు ముందుండే ఒకటో నంబరు బంతికి నిండుగా తగిలి, కాస్త వెనక్కొచ్చి, టేబుల్ నడుమ చతికిలబడుతోంది. తర్వాతి షాట్‌కి అక్కడికంటే మంచి చోటేముంది?

నా బ్రేక్‌ని బాబాయి స్లో మోషన్‌లో తీసి చూపించాడు. బంతి ఒకచోట, దాని నీడ ఒకచోట! టేబుల్ అంచు మీదుగా కొట్టాలి కాబట్టి క్యూ వెనక కొస కొంచెం లేచే ఉంటుంది. ఆ ఏటవాలు దెబ్బకి బంతి పలక మీద నొక్కుకుని గెంతుతుంది. గాల్లో ఉండగా ఒకటో నంబరుని తాకిందా, దాని నెత్తెక్కి బయటికే.

నెలరోజులు సగం జోరుతోనే కొట్టించాడు. సిగ్గేసేది, నిజం చెప్పాలంటే. 2001 యూఎస్ ఓపెన్‌లో కోరీ డ్యూయెల్ మెత్తటి బ్రేక్‌తోనే గెలిచాడని తెలిశాక కాస్త కుదుటపడ్డాను. తర్వాత కుషన్ (టేబుల్ రబ్బరు అంచు) పక్కన తెల్ల బంతి పెట్టి, వజ్రం ఆకారపు ర్యాక్‌లో, అంటే పేర్చిన బంతుల గుంపులో, వెడల్పు వరస చివరి బంతి మూల పాకెట్‌కి ఎలా పోతుందో చూపించాడు. ర్యాక్‌లో వెంట్రుకంత సందున్నా అది దారి తప్పుతుంది. మన విశాఖ ఉక్కకి బంతులు జిగురెక్కుతాయి, గుడ్డ బరువెక్కుతుంది. అందుకే ప్రతి గేముకీ ముందు తుడవడం నా డ్యూటీ అయింది.

నాలుగో నెలలో ఒక సాయంత్రం ఆ చివరి బంతి పడింది, తెల్లది నడుమ ఆగింది. బాబాయి టీ తాగుతూ, "ఇంకోటి కొట్టు" అన్నాడు. కొట్టాను. తెల్లది నేరుగా పాకెట్లోకి.

ఫ్రిజ్ ఇంకా అవతలి గోడకే ఉంది.